కుటుంబమంతా కలిసి పాడే లేడీస్మిత్ బ్లాక్ మంబాజో: వీళ్లది నిజంగా నిరసన పాటేనా?

రాత్రి_షిఫ్ట్

నైట్ షిఫ్టులో కాల్స్ తగ్గాక హెడ్‌ఫోన్ పెట్టుకుంటే యూట్యూబే ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ పోతుంది కదా, అలా తగిలింది ఈ గ్రూపు. లేడీస్మిత్ బ్లాక్ మంబాజో. దక్షిణాఫ్రికా జులూలు. పదిమంది దాకా మగవాళ్లు వరసగా నిలబడ్డారు, ఒక్కడి చేతిలో వాద్యం లేదు, వెనకాల డప్పు కూడా లేదు, ఉత్త గొంతులే. ముందు నిలబడ్డాయన సన్నగా ఎత్తుకుంటాడు, వెనకవాళ్లు ఛాతీలోంచి అందుకుంటారు, మధ్యలో నాలుకతో టక్కుమని చప్పుళ్లు, ఉన్నట్టుండి అందరి కాళ్లూ గాల్లోకి. టికెట్లు క్యూలో పడి ఉన్నా ఆపబుద్ధి కాలేదు.

తర్వాత వెతికితే తెలిసింది ఏంటంటే, జోసెఫ్ షబలాలా అనే ఆయన 1960 ప్రాంతంలో తమ్ముళ్లనీ, మజిబుకో ఇంటిపేరున్న కజిన్స్‌నీ వేసుకుని మొదలుపెట్టాడు. తర్వాత ఆయన కొడుకులు నలుగురు చేరారు. ఐదు గ్రామీలు. అమెరికాలో నాటకాలు కూడా. 1993లో మండేలా నోబెల్ శాంతి బహుమతి తీసుకోవడానికి ఓస్లో వెళ్తూ వీళ్లని వెంటబెట్టుకెళ్లాడు.

నా బాధేంటంటే, ఎక్కడ చదివినా వర్ణవివక్ష మీద పోరాడిన గొంతులు అనే రాస్తున్నారు. పాటల అర్థాలు వెతుక్కుని చదివితే దేవుడు, అమ్మ, ఊరు, ప్రేమ, మళ్లీ దేవుడు. ప్రభుత్వాన్ని తిట్టిన పాట ఒక్కటీ నాకు దొరకలేదు. మా రూమ్మేట్ అయితే ఇది భజన బృందం రా నాయనా అని తేల్చేశాడు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇందులో నిరసన ఎక్కడుంది?

మిర్చిబజ్జి

లేడీ స్మిత్ అంటే ఎవరో ఆవిడ పాడుతుందని క్లిక్ చేశా. ఆవిడ ఎక్కడ?

పాతరికార్డు

@మిర్చిబజ్జి ఆవిడ నిజంగానే ఉంది. బ్రిటిష్ గవర్నర్ హ్యారీ స్మిత్ భార్య, ఆవిడ పేరు మీద ఊరు, ఆ ఊరు షబలాలాది. మిగతా రెండు ముక్కలూ ఆయన పెట్టుకున్నవే. బ్లాక్ అంటే పొలంలో అన్నిటికన్నా బలమైన నల్ల ఎద్దు, మంబాజో అంటే గొడ్డలి, పోటీకొచ్చినవాణ్ని నరికేస్తాం అని. వినయం మచ్చుకైనా లేదు. 1970ల మొదట్లో ఈ గ్రూపు మరీ గెలిచేస్తోందని పోటీల్లోకి రానివ్వడం మానేశారు కూడా, ఊరికే పాడి వెళ్లండి అన్నారు.

ఇక అసలు సంగతి. ఈ పాట పద్ధతిని ఇసికతమియా అంటారు, ఇది పుట్టింది కచేరీ హాల్లో కాదు, గుడిలోనూ కాదు, కూలీల హాస్టళ్లలో. 1913లో అక్కడ ఒక భూచట్టం వచ్చింది. దేశంలో మెజారిటీ అయిన నల్లవాళ్లు ఏడు శాతం నేలలోనే భూమి కొనుక్కోవాలి, మిగతాది తెల్లవాళ్లది. 1936లో దాన్ని పదమూడు శాతం దాకా పెంచారు, అంతే. పొలం పోయినవాడు ఏం చేస్తాడు? జొహానెస్‌బర్గ్ గనులకో డర్బన్ రేవుకో పోయాడు. పెళ్లాం పిల్లలు ఊళ్లో, తను మగవాళ్ల హాస్టల్లో. పట్నంలో ఉండనిచ్చే చీటీ, అదే పాస్, జేబులో లేకుండా రోడ్డెక్కితే లాకప్పు. వారమంతా పని, శనివారం రాత్రి మాత్రం పాట. ఊరి పెళ్లిపాటలు, మిషనరీలు నేర్పిన చర్చి శ్రుతులు, 1890లలో అక్కడ తిరిగిన అమెరికా నల్లవాళ్ల గానబృందాల పోకడలు, అన్నీ ఆ హాస్టళ్లలో కలిసిపోయాయి.

జులూ నాట్యం అంటే మామూలుగా కాలు ఎత్తి నేల అదిరేలా కొట్టడం. హాస్టల్లో అలా కొడితే కాపలావాళ్లు వస్తారు. అందుకని మునివేళ్ల మీద ఆడటం మొదలుపెట్టారని వీళ్లే చెబుతారు. మళ్లీ ఆ వీడియో పెట్టుకుని గొంతులు వదిలేసి కాళ్లు మాత్రమే చూడండి. కాలు తల దాకా వెళ్తుంది, దిగేటప్పుడు పిల్లి దిగినట్టు చప్పుడుండదు. తెల్ల బూట్లు కాబట్టి బాగా కనిపిస్తుంది కూడా. నిరసన ఎక్కడుందని అడిగారుగా, నేనైతే అక్కడే మొదలుపెడతా.

ఎదురుప్రశ్న

కాపలావాడికి వినపడకుండా ఆడితే అది నిరసన ఎలా అవుతుందండీ? నిరసన అంటే ముందు వాడికే వినపడాలి.

మిర్చిబజ్జి

పాయింటే.

శ్రుతిపెట్టె

నేను పాట వైపు నుంచి చెప్తా, రాజకీయం మీరు చూసుకోండి. మామూలుగా బృందగానంలో నాలుగు స్థాయిలకీ కాస్త అటూఇటూగా సమానంగా మనుషుల్ని పంచుతారు. షబలాలా పంచింది చూడండి. ముందు పాడేవాడు ఒకడు, ఆపైన ఆల్టో అంటే పై గొంతు ఒకడు, టెనర్ అంటే మధ్య గొంతు ఒకడు, మిగతా ఏడుగురూ బేసు, అంటే మంద్రం. పదిమందిలో ఏడుగురు అట్టడుగున. అందుకే చిన్న ఫోన్ స్పీకర్‌లో వింటే ఈ పాట సగం పోతుంది. ఆ ఏడు గొంతులూ గట్టిగా పాడవు, ఊపిరి బిగబట్టి ఒదిగి పాడతాయి. 1964లో కలలో పిల్లలు పాడుతూ వినిపించారని, ఆ శ్రుతి కోసమే గ్రూపుని మళ్లీ మొదటినుంచి తయారుచేశానని ఆయన చెప్పుకునేవాడు. కల సంగతి నాకు తెలీదు గానీ సాధన మాత్రం వినపడుతుంది, పదిమంది ఒకే చోట ఊపిరి తీసుకుంటారు, ఒక్కడూ ముందు పడడు.

మా గ్రూపులో ఐదుగురం ఆడవాళ్లం ఒకటి ప్రయత్నించాం. బేసు లేదు కాబట్టి పాట తేలిపోయింది. కాళ్లు ఎత్తడం కూడా చూశాం, కింద ఫ్లాట్ ఆయన పైకొచ్చాడు.

మిర్చిబజ్జి

@శ్రుతిపెట్టె మేడమ్, చప్పుడు కాకుండా దిగాలి, అదే కదా ఆర్టు. ఈ నాట్యం మా పైఇంటి పిల్లలకి ఎవరైనా నేర్పిస్తే ఫీజు నేనే కడతా.

ఎదురుప్రశ్న

పాట గొప్పది కాదని నేనలేదు. నేను చెప్పేది వేరు, అది ఎవరూ రాయరు. వీళ్లకి పేరొచ్చింది 1970లో రేడియోలో పాడాక. ఆ రేడియో ఎవరిది? వర్ణవివక్ష ప్రభుత్వానిదే. జులూలకి ఒకటి, షోసాలకి ఒకటి అని భాషకో స్టేషన్ పెట్టారు. ఎందుకు? మీ జాతి వేరు, మీ పల్లె వేరు, అక్కడే ఉండండి, పట్నం మీది కాదు అని చెప్పడానికి. పట్నంలో నల్లవాడు జాజ్ వాయిస్తే అనుమానం, పల్లె మీద బెంగపడుతూ పాడితే ముద్దు. గాయని మిరియం మకేబా 1960లో తల్లి పోయిందని తెలిసి వెళ్దామనుకుంటే పాస్‌పోర్టు రద్దు చేశారు. ట్రంపెట్ వాయించే హ్యూ మసెకెలా అదే ఏడాది దేశం వదిలాడు. వీళ్లకి మాత్రం 1973లో మొదటి ఆల్బమ్‌కే గోల్డ్ రికార్డు. ప్రభుత్వానికి ఇబ్బంది లేని పాట కాబట్టే కదా ప్రభుత్వ రేడియోలో వచ్చింది.

రాత్రి_షిఫ్ట్

ఇదే నా డౌటు కూడా. ఇంకోటి, అమెరికా గాయకుడు పాల్ సైమన్ గ్రేస్‌లాండ్ ఆల్బమ్ గొడవ ఏంటి? ఎక్కడో సగం చదివాను, బహిష్కరణ ఉండగా వెళ్లాడని.

పాతరికార్డు

దక్షిణాఫ్రికాతో సాంస్కృతిక సంబంధాలు తెంచుకోమని 1980లో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసింది. సైమన్ 1985లో జొహానెస్‌బర్గ్ వెళ్లి అక్కడి వాద్యగాళ్లతో రికార్డింగులు చేశాడు, షబలాలాని కలిశాడు. తర్వాత లండన్‌లో ఆబీ రోడ్ స్టూడియోలో ఇద్దరూ కలిసి హోమ్‌లెస్ పాట చేశారు, ఆల్బమ్ 1986లో వచ్చింది. అనుమతి అడగలేదని మండేలా పార్టీ ఏఎన్‌సీ వైపు నుంచి కోపం, 1987లో లండన్ ఆల్బర్ట్ హాల్ బయట నిరసనలు కూడా జరిగాయి.

ఇక @ఎదురుప్రశ్న, మీరు పైన చెప్పిన మకేబా, మసెకెలా ఇద్దరూ 1987లో ఆ గ్రేస్‌లాండ్ టూరులోనే ఉన్నారు, మంబాజో నిలబడిన స్టేజీ మీదే పాడారు. దేశం నుంచి వెలివేయబడ్డవాళ్లకే షబలాలా మీద అనుమానం లేకపోతే మనకెందుకు?

ఆ పాటలో ఏముందో కూడా చూడండి. ఇల్లు లేకపోవడం, గాలివాన ఇళ్లు కూల్చేయడం, జనం చనిపోవడం. ప్రభుత్వం అన్న మాట లేదు, నిజమే. కానీ పాస్ చట్టాలు ఎత్తేసింది 1986లోనే, అంటే అప్పటిదాకా సొంత దేశంలో పట్నంలో ఉండటానికి చీటీ చూపించాల్సినవాడు ఇల్లు లేదని పాడుతున్నాడు. గాలివాన ఎవరో జులూ శ్రోతకి విప్పి చెప్పాలా?

ఎదురుప్రశ్న

మకేబా పాడింది కాబట్టి ప్రశ్న అడగకూడదా? ఆవిడ పేరు వింటేనే ఆ ప్రభుత్వానికి పడేది కాదు. వీళ్ల పేరు వింటే అంత ఇబ్బంది ఉండేది కాదు. ఆ తేడా ఉందని ఒప్పుకోండి చాలు. గాలివాన అంటే ప్రభుత్వం అనుకోవచ్చు, దేవుడి కోపం అనుకోవచ్చు, ఉత్త గాలివాన అనుకోవచ్చు. షబలాలా 1970ల్లో క్రైస్తవం తీసుకుని చర్చిలో పాస్టరుగా కూడా ఉన్నాడు, ఆయన అనుకున్నది రెండోదేనేమో.

వంతపాట

మన దగ్గర బుర్రకథ చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. కథ పాతదే, బొబ్బిలో పల్నాడో. పక్కన ఉన్న వంతల్లో ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. ఆ రెండోవాడు కథ మధ్యలో దూరి ఇప్పటి సంగతి అందుకునేవాడు. ప్రజానాట్యమండలి వాళ్లు అదే పద్ధతిలో బెంగాల్ కరువు చెప్పారు. జంగం కుటుంబాల్లో మొగుడు కథ చెబితే ఆడవాళ్లు వంత, అదీ ఇంటి గ్రూపే.

ఎదురుప్రశ్న

@వంతపాట మీరు నా పక్షానే మాట్లాడారు గమనించారా. మన రాజకీయం వంత పేర్లు పెట్టి తిడతాడు.

వంతపాట

అన్నిచోట్లా కాదు. జమీందారు ముందు వరసలో కూర్చుంటే మా తాత కాలంలో ఆ వంత కూడా వానల గురించే మాట్లాడేవాడట.

నాటకాలపిచ్చి

ఇంతసేపూ నాటకం మాట ఎవరూ ఎత్తలేదు. రాత్రి_షిఫ్ట్ అడిగినదానికి జవాబు నా లెక్కలో అక్కడుంది.

నేనప్పుడు చికాగోలో చదువుకుంటున్నా. 1992లో స్టెపెన్‌వుల్ఫ్ థియేటర్‌లో ద సాంగ్ ఆఫ్ జేకబ్ జులూ అనే నాటకం వేశారు, మరుసటి ఏడాది అది న్యూయార్క్ బ్రాడ్‌వేకి వెళ్లి నాటకాలకిచ్చే టోనీ అవార్డులకి ఆరు నామినేషన్లు తెచ్చుకుంది. రాసింది దక్షిణాఫ్రికాలో పుట్టిన టగ్ యూర్‌గ్రావ్. పాటలు షబలాలావి, పాడింది మంబాజో.

కథకి ఆధారం నిజంగా జరిగిన ఘటన. 1985 డిసెంబర్ 23న డర్బన్‌కి దక్షిణాన అమాన్‌జిమ్టోటి అనే సముద్రపు ఊళ్లో, క్రిస్మస్ రద్దీలో, షాపింగ్ సెంటర్లో బాంబు పేలింది. ఐదుగురు చనిపోయారు, అందులో పిల్లలున్నారు. పెట్టినవాడు ఆండ్రూ జోండో, పంతొమ్మిదేళ్ల కుర్రాడు, పాస్టరుగారి కొడుకు, ఏఎన్‌సీ సాయుధ విభాగంలో చేరినవాడు. దానికి కొద్దిరోజుల ముందే సైన్యం పక్కదేశం లెసోతోలో చొరబడి మనుషుల్ని చంపింది, దానికి బదులుగా చేశానన్నాడు. 1986 సెప్టెంబరులో ఉరి తీశారు.

నాటకంలో ఆ కుర్రాడి పేరు జేకబ్, కథ కోర్టు విచారణ మీద నడుస్తుంది. మంబాజో వాళ్లు పాట వచ్చినప్పుడు వచ్చి పోయేవాళ్లు కాదు. గ్రీకు నాటకాల్లో కోరస్ ఉంటుంది చూడండి, ఆ స్థానం వీళ్లది. ఒకసారి ఊరు, ఒకసారి చర్చి, ఒకసారి ఆ కుర్రాడి లోపలి గొంతు. బాంబు పెట్టడం ఒప్పు అని పాడలేదు. తప్పు అని కూడా పాడలేదు. ఒక పాస్టరు కొడుకు అక్కడిదాకా ఎలా వచ్చాడన్నది మాత్రం వదల్లేదు. నా పక్కన కూర్చున్న అమెరికా ముసలాయన ఇంటర్వల్లో ఇది తీవ్రవాదాన్ని సమర్థించడమే అని చిరాకుపడ్డాడు, మా ప్రొఫెసరేమో ఇందులో కోపం చాల్లేదన్నాడు. ఇద్దరూ రెండో సగానికి కూర్చున్నారు మరి.

ఇక్కడ తేదీలు కలిపి చూడండి. 1991 డిసెంబరులో జోసెఫ్ తమ్ముడు హెడ్‌మన్ షబలాలాని, అతనూ గ్రూపులోవాడే, డ్యూటీలో లేని ఒక తెల్ల సెక్యూరిటీ గార్డు రోడ్డు పక్కన కాల్చి చంపాడు. కొద్ది నెలలకే మిగిలిన అన్నదమ్ములు చికాగో స్టేజీ మీద నిలబడి తెల్లవాళ్లని చంపిన నల్ల కుర్రాడి కథకి కోరస్ పాడుతున్నారు. ఆ టైములో అంతకన్నా ప్రమాదకరమైన కథ దొరకదు. సౌమ్యంగా పాడారు కాబట్టి సౌమ్యమైన విషయం అనుకోవడం పొరపాటు.

రాత్రి_షిఫ్ట్

ఇది నాకు అస్సలు తెలీదు. తమ్ముణ్ని చంపాక ఆ నాటకం ఒప్పుకున్నారా!

ఎదురుప్రశ్న

@నాటకాలపిచ్చి మంచి పోస్టు. ఒక్క మాట, 1992 అంటే మండేలా విడుదలై రెండేళ్లు. చికాగోలో. జొహానెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ల వాడ సొవెటోలో కాదు, 1977లో కాదు.

నాటకాలపిచ్చి

1992లో అక్కడ రోజూ మనుషులు చస్తున్నారండీ. డర్బన్ ఉన్న నాటాల్ రాష్ట్రంలో మరీ ఎక్కువ. మండేలా బయటికొచ్చాడు కాబట్టి అంతా అయిపోయిందనుకోవడం మనకి దూరం నుంచి తేలిక. వీళ్ల ఇళ్లు అక్కడే ఉన్నాయి.

జగిత్యాల_దుబాయ్

నేను పాటల సంగతి తెలిసినోణ్ని కాదు. పాతరికార్డు అన్న హాస్టల్ గురించి రాసింది చదివి రాస్తున్న. దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ పని నాది. క్యాంపులో రూముకు ఎనిమిది మందిమి, మంచాల మీద మంచాలు. సెలవుకు ముందు రాత్రి ఒకాయన పాడుతడు, మెట్‌పల్లి దిక్కు ఆయన, మంచి గొంతు. అన్నం గిన్నె బోర్లించి ఇంకొకాయన దరువేస్తడు. అన్నీ ఊరి పాటలే, అమ్మ మీద, చెరువు మీద, బతుకమ్మ పాటలు గూడ మేమే మగోళ్లం పాడుకుంటం. కంపెనీ పేరు ఏ పాటలోనూ ఉండదు. ఒకసారి జీతం ఆగింది, నెలల మీద నెలలు. అప్పుడు గూడ పాటలు మారలే, అవే. కానీ ఆ నెలల్లో పాడుతుంటే రూములో ఒక్కడు ఫోన్ చూడలే, ఒక్కడు మాట్లాడలే. అదే పాట మామూలు రోజుల్లో పాడితే నవ్వుకుంటం, పేకాట ఆడుకుంటం.

సూపర్‌వైజర్ తలుపు దగ్గర నిలబడి మస్తుగుంది అని వీడియో తీసుకున్నడు. ఆయనకు అది టైంపాస్.

ఎదురుప్రశ్న అన్నా, వాడికి వినపడాలె అంటున్నవ్. వినపడితే టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపుతరు. వచ్చేటప్పుడు చేసిన అప్పు ఎవరు కడుతరు చెప్పు.

మిర్చిబజ్జి

దీని మీద జోకు వెయ్యను.

ఎదురుప్రశ్న

@జగిత్యాల_దుబాయ్ అన్నా, నీ మాట కాదనను. భయం ఉన్నవాడు ఎందుకు నోరు విప్పలేదని అడిగే హక్కు నాకు లేదు, అడగలేదు కూడా. నా గొడవ మీతో కాదు, షబలాలాతో కూడా కాదేమో. మీ రూములో పాటని రేపు ఎవడో రికార్డు చేసి, కవరు మీద గల్ఫ్ కార్మికుల పోరాట గీతాలు అని అచ్చేసి లండన్‌లో అమ్మితే మీకెలా ఉంటుంది? మంబాజోని పోరాటం అని అమ్మేవాళ్లు అదే చేస్తున్నారు. 1990ల చివర్లో ఇంగ్లండ్‌లో వీళ్ల పాట బీన్స్ డబ్బాల యాడ్‌లో వాడారు, ఆ దెబ్బతో ఆల్బమ్ లక్షల్లో పోయింది. పోరాటం, బీన్స్, అన్నీ ఒకే పాటతో.

జగిత్యాల_దుబాయ్

అమ్మితే మాకు పైసలిస్తరా?

పాతరికార్డు

@జగిత్యాల_దుబాయ్ సరిగ్గా అక్కడే పట్టుకున్నావు తమ్ముడూ. మంబాజోకి ముందుతరం ఒకాయన ఉన్నాడు, సోలమన్ లిండా. ఆయనా హాస్టల్ కూలీల పాటవాడే, 1939లో జొహానెస్‌బర్గ్‌లో ఎంబూబే అని ఒక పాట రికార్డు చేశాడు. తర్వాత అమెరికావాళ్లు దాన్ని సింహం నిద్రపోయే పాటగా మార్చి ప్రపంచమంతా అమ్ముకున్నారు, మన పిల్లలందరికీ తెలిసిన ట్యూనే. ఆయనకి అప్పట్లో ముట్టింది పది షిల్లింగులు. 1962లో పేదరికంలోనే పోయాడు. కూతుళ్లు కోర్టుకెళితే 2006లో గానీ రాజీ కుదరలేదు. షబలాలా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారింది, హోమ్‌లెస్ పాట మీద రచయితల్లో ఒకడిగా ఆయన పేరుంది. నన్నడిగితే ఆ పేరు పడటం కూడా చిన్న గెలుపేం కాదు.

శ్రుతిపెట్టె

ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. జోసెఫ్ భార్య నెల్లీ షబలాలా విమెన్ ఆఫ్ మంబాజో అని వేరే గ్రూపు నడిపింది. ఇంటి గ్రూపు అని అందరం అంటున్నాం, ఆ ఇంట్లో ఆడవాళ్లకి ఆ వరసలో చోటు లేదు, పక్కన ఇంకో వరస. ఆవిడ 2002లో హత్యకి గురైంది. హాస్టళ్లు మగవాళ్లవి కాబట్టి పాట మగవాళ్లదైంది అని సర్దిచెప్పుకోవచ్చు, హాస్టల్ వదిలి ఇన్నేళ్లయ్యాక కూడా అదేనా?

పాతరికార్డు

దీనికి నా దగ్గర జవాబు లేదు మేడమ్.

డర్బన్_నుంచి

పని మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాను, ఈ థ్రెడ్ ఇప్పుడే చూశా. రెండు మూడు సంగతులు.

ఒకటి, ఇసికతమియా పోటీలు మంబాజోతో ఆగిపోలేదు. ఇక్కడ బీట్రిస్ స్ట్రీట్ వైఎంసీఏ హాలు వీటికి ఎప్పటినుంచో పేరున్న చోటు. శనివారం రాత్రి పొద్దుపోయాక మొదలై ఆదివారం తెల్లారేదాకా నడిచే వ్యవహారం. వచ్చేవాళ్లు మంబాజో లాగా రంగురంగుల చొక్కాల్లో రారు. సూట్లు, మ్యాచింగ్ టైలు, జేబురుమాలు మూడు కోణాలుగా మడత, అద్దంలా మెరిసే బూట్లు. ఎవరు బాగా ముస్తాబయ్యారన్నదానికి వేరే పోటీ ఉంటుంది. నేను చూసినప్పుడు ఒక పెద్దాయన జడ్జి ముందుకి నడిచొచ్చి, ఏమీ మాట్లాడకుండా, కోటు ఒక పక్కకి తీసి లోపలి గుడ్డ చూపించి, ప్యాంటు అంచు రెండు వేళ్లతో లేపి మేజోడు రంగు చూపించి, మెల్లగా వెనక్కి తిరిగాడు. హాలు అరుపులతో ఊగిపోయింది. వారమంతా ఆయన గేటు దగ్గర వాచ్‌మన్ అని తర్వాత తెలిసింది. ఎదురుప్రశ్న గారు వాడికి వినపడాలి అన్నారు. ఆ హాల్లో వినపడాల్సింది వాడికి కాదండీ, వాడసలు లెక్కలోనే లేడు.

రెండోది, జులూలూ మనవాళ్లూ కలిసి పోరాడారు అని ఇక్కడ ఎవరైనా కథ అల్లేముందు ఒక మాట. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ వచ్చినప్పటినుంచీ ఇక్కడ చెరకు తోటల్లోకి తెలుగువాళ్లు వస్తూనే ఉన్నారు, ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది. 1949 జనవరిలో ఈ ఊళ్లో ఆఫ్రికన్లకీ భారతీయులకీ మధ్య గొడవల్లో 142 మంది చనిపోయారు. మళ్లీ పదేళ్లు తిరక్కుండా ఇద్దర్నీ ఈ ఊళ్లోనే ఉన్న కేటో మేనర్ అనే పేట నుంచి ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. మనవాళ్లని చాట్స్‌వర్త్‌కి, వాళ్లని క్వామషుకి, ఎవరి రంగు వాడలో వాళ్లని. మా పక్కింటి ముసలావిడ కేటో మేనర్‌లో పుట్టింది. తెలుగు రాదు, అమ్మమ్మ నేర్పిన రామభజనలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా పాడుతుంది. మంబాజో పెడితే ఆవిడ అన్న మాట, ఇది మా వెనక ఇంట్లో శనివారాలు వినపడేది, రాత్రి నిద్ర పట్టనిచ్చేవాళ్లు కాదు అని. మెచ్చుకున్నదో విసుక్కున్నదో నాకిప్పటికీ అర్థం కాలేదు.

వంతపాట

అన్నట్టు లేడీస్మిత్ ఊరి పేరు మనం స్కూల్లో వేరే చోట విన్నాం. బోయర్ యుద్ధంలో ఆ ఊరి ముట్టడి అప్పుడు గాంధీ భారతీయులతో అంబులెన్స్ దళం కట్టి స్పియన్ కోప్ గుట్ట దగ్గర గాయపడ్డవాళ్లని మోశాడు. ఆ చుట్టుపక్కలే.

ఎదురుప్రశ్న

@డర్బన్_నుంచి వాడు లెక్కలోనే లేడు అన్నారు, బాగుంది. అయినా నా మాట మీదే ఉన్నా. వాచ్‌మన్ సూటు చూపించడం ఆత్మగౌరవం. ఆత్మగౌరవం గొప్పది. నిరసన వేరే పని, ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. రెండూ ఒకటే అనేస్తే జైలుకెళ్లినవాళ్ల లెక్క ఎక్కడ రాస్తాం?

నాటకాలపిచ్చి

జైలుకెళ్లినవాళ్లు కూడా ఈ పాటలు విన్నారు కదా. మండేలా ఓస్లోకి తీసుకెళ్లడానికి ఆ దేశంలో గాయకులే లేరా? 1994లో ప్రమాణస్వీకారానికి కూడా వీళ్లే పాడారు.

ఎదురుప్రశ్న

అధ్యక్షుడు పిలిస్తే పాడటం కూడా నిరసనేనా :)

రాత్రి_షిఫ్ట్

మా రూమ్మేట్‌కి ఈ థ్రెడ్ పంపించా. భజన బృందమే గానీ మంచి భజన బృందం అంటున్నాడు. నేను మాత్రం నాటకాలపిచ్చి గారి పోస్టు దగ్గరే ఆగిపోయాను. ఎక్కడినుంచి వినడం మొదలుపెట్టాలి?

పాతరికార్డు

1973 నాటి అమాబుతో ఆల్బమ్‌తో మొదలుపెట్టు, గ్రేస్‌లాండ్‌కి ముందు జులూ శ్రోతల కోసం పాడిన మంబాజో అది. తర్వాత 1988లో గ్రామీ తెచ్చిన షాకా జులూ. రెంటికీ మధ్య శుభ్రత ఎక్కువైంది, వేడి కాస్త తగ్గిందని నా అభిప్రాయం.

శ్రుతిపెట్టె

నేను ఒప్పుకోను, షాకా జులూలోనే బేసు సరిగ్గా పట్టింది. ఏదైనా సరే, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు.

జగిత్యాల_దుబాయ్

మా రూములో పెట్టిన. గిన్నె దరువేసే ఆయన, ఇందులో దరువు ఏది అని అడుగుతున్నడు.

మిర్చిబజ్జి

@డర్బన్_నుంచి అక్కా, డిసెంబరులో ఆఫీసు పని మీద డర్బన్ వస్తున్నా. ఆ పోటీలు బయటివాళ్లు చూడొచ్చా?

డర్బన్_నుంచి

రండి. ఏ వారం ఎక్కడ పోటీ ఉందో ముందు కనుక్కుని చెప్తా, ఒంటరిగా మాత్రం బయల్దేరకండి, తెలిసినవాళ్ల కారులోనే రండి. తొమ్మిదికే వస్తే కుర్చీలు తప్ప ఏమీ ఉండవు. ఇంకో సంగతి, గ్రూపులన్నీ ఒకరికొకరు తెలిసినవాళ్లు కాబట్టి పక్షపాతం లేకుండా ఉండాలని జడ్జిగా పాట గురించి ఏమీ తెలియని బయటివాణ్ని కూర్చోబెట్టే ఆనవాయితీ ఉండేది, ఒకప్పుడు రోడ్డు మీద పోయేవాళ్లని కూడా పిలుచుకొచ్చేవారట.

మిర్చిబజ్జి

పాట గురించి ఏమీ తెలియకపోవడం ఒక్కటేనా అర్హత, సూటు కూడా కావాలా?

డర్బన్_నుంచి

సూటు కావాలి. మేజోళ్లు మర్చిపోకండి, వాళ్లు చూస్తారు.